వరిగడ్డి నీళ్ళతో మొదలుపెట్టండి: కణం లోపలి రవాణా మీద రీసెర్చ్ చేయాలనుకునే గోదావరి పిల్లలకి

"అన్నా, రీసెర్చ్‌లోకి రావాలంటే ఏ ఎగ్జామ్ రాయాలి?" అమలాపురం నుంచో భీమవరం నుంచో కాకినాడ నుంచో బీఎస్సీ పిల్లలు ఫోన్ చేస్తే మొదట అడిగేది ఇదే. ఎగ్జామ్‌ల సంగతి కింద చెప్తాను, అవి తెలియకపోతే పని జరగదు, నిజమే. కానీ కణాల లోపల సరుకు ఎలా కదులుతుందో చూడటమే పనిగా పెట్టుకుని నాకు పదేళ్ళు దాటింది, ఈ పనిలో నిలబడ్డవాళ్ళలో నేను చూసిన అలవాటు ఒకటుంది: ఏది కనిపించినా ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతోంది, ఏ తలుపు గుండా, ఎంతసేపట్లో అని అడుగుతారు. ముఖ్యంగా ఎంతసేపట్లో అని. ఆ అలవాటు మీ కాలేజీ ల్యాబ్‌లోనే, పెద్ద ఖర్చు లేకుండా ఈ వారమే మొదలుపెట్టొచ్చు. అందుకే ఎగ్జామ్‌ల కన్నా ముందు వరిగడ్డి గురించి రాస్తున్నాను.

ముందు సబ్జెక్ట్ ఏమిటో

కణం చుట్టూ ఉండే పొర మందం దాదాపు 5 నానోమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో పదివేల వంతో అంతకన్నా తక్కువో. అది కొవ్వుతో అల్లిన పొర కాబట్టి ఉప్పు, చక్కెర లాంటివి వాటంతట అవి దాటలేవు. కణం లోపల కూడా అలాంటి పొరలతో కట్టిన గదులు ఉంటాయి: ప్రొటీన్లు తయారయ్యే ఈఆర్, వాటిని సర్ది పంపే గాల్జీ, బయటి నుంచి వచ్చిన సరుకు చేరే ఎండోసోమ్‌లు, సరుకుని అరిగించే లైసోజోమ్‌లు. కాబట్టి ఈ రంగంలో ప్రశ్నలు రెండు రకాలు. పొరని దాటి వెళ్ళేవాటి గురించి ఒకటి, పొరతో సహా చిన్న సంచుల్లా ఊడి కదిలేవాటి గురించి రెండోది.

మొదటిది అర్థం కావాలంటే మన కాలవల మీద లాకు దగ్గర ఒక్కసారి నిలబడండి. కాటన్ కాలం నుంచి ఉన్న ఈ లాకుల్లో పై నీటి మట్టం వేరు, కింది మట్టం వేరు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు, నీళ్ళు సమానమయ్యాక ముందు తలుపులు తీస్తారు. రెండు జతల తలుపులూ ఒకేసారి తెరిస్తే పై కాలవ మొత్తం కిందకి దూకేస్తుంది. కణం పొరలో ఉండే ట్రాన్స్‌పోర్టర్ ప్రొటీన్లు చేసేదీ సరిగ్గా ఇదే: బయటి వైపు తెరుచుకుంటుంది, సరుకు ఎక్కుతుంది, బయటి వైపు మూసుకుంటుంది, అప్పుడు లోపలి వైపు తెరుచుకుంటుంది. 1966లో ఒలెగ్ జార్డెట్‌స్కీ ఈ ఊహని కాగితం మీద పెట్టినప్పుడు ఆ ప్రొటీన్ల ఆకారం ఎవరూ చూడలేదు, తరవాతి దశాబ్దాల్లో వాటి నిర్మాణాలు బయటపడ్డాక ఆ ఊహే నిలబడింది. నేను చిన్నప్పుడు లాకు గట్టు మీద కూర్చుని గంటలు గడిపాను, ఎమ్మెస్సీలో ఈ బొమ్మ చూసినప్పుడు మేష్టారు వివరించకముందే అర్థమైంది.

కిందికి జారే నీళ్ళని ఆపటం ఒక ఎత్తు, పైకి తోడటం ఇంకో ఎత్తు. తోడటానికి ఖర్చు అవుతుంది, కణంలో ఆ ఖర్చు ఏటీపీ, అంటే కణం పనులకి శక్తినిచ్చే అణువు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలోంచి ఏటీపీని వేరు చేశారు, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. 1957లో డెన్మార్క్‌లో జెన్స్ స్కూ ఒడ్డు పీత కాళ్ళలోని నరాలు తీసుకుని, ఏటీపీని ఖర్చుపెట్టే ఒక ఎంజైమ్ సోడియం, పొటాషియం రెండూ ఉన్నప్పుడు జోరందుకుంటుందని చూపించాడు. ఒక్క ఏటీపీకి మూడు సోడియంలు బయటికి, రెండు పొటాషియంలు లోపలికి తోసే పంపు అది. ఆ పనికి 1997లో నోబెల్ వచ్చింది. పీతలు మనకి కొత్తా? కొబ్బరి నీళ్ళలో సోడియం కన్నా పొటాషియం ఎన్నో రెట్లు ఎక్కువ, మన కణాల లోపలా అలాగే ఉంటుంది. ఇలాంటివి గమనించి ఎందుకు అని అడిగే పిల్లలు కోనసీమలో ఉండాలి, ఉన్నారు కూడా.

"ఇదంతా ఎవరికి ఉపయోగం నాన్నా?" అని మా అమ్మ అడిగింది. 86 వరదల తరవాత లంకల్లో పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు చెంచాతో పట్టించామని ఆవిడే చెబుతుంది. ఆ నీళ్ళు ఎందుకు పని చేశాయంటే పేగు గోడ కణాల్లో ఒక ట్రాన్స్‌పోర్టర్ ఉంది, అది గ్లూకోజ్‌ని ఒంటరిగా ఎక్కించుకోదు, సోడియంతో జత కట్టి లోపలికి తెస్తుంది, వాటి వెనకే నీళ్ళు వస్తాయి. కలరా ఆ తలుపుని పాడుచేయలేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరాల్లో దిలీప్ మహలనబీస్ సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు ఇదే ద్రావణం తాగించి ఎందరినో బతికించారు. అమ్మకి ఇది చెప్పిన రోజు నుంచి మా ఇంట్లో నా చదువు గురించి ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు.

రెండో రకం ప్రశ్న, అంటే సంచుల కథ, నా సొంత పని. జార్జ్ పలాడే క్లోమ కణాల్లో కొత్తగా తయారైన ప్రొటీన్లకి కొద్దిసేపు రేడియోధార్మిక గుర్తు వేసి, నిమిషాలు లెక్కపెడుతూ అవి ఈఆర్ నుంచి గాల్జీకి, అక్కడి నుంచి సంచుల్లోకి, చివరికి బయటికి పోవటం చూపించాడు, 1974లో నోబెల్ పంచుకున్నాడు. ఆ దారిలో పనిచేసే ప్రొటీన్లు ఏవి అన్నది రాండీ షెక్‌మన్, ఆయన విద్యార్థి పీటర్ నోవిక్ ఈస్ట్‌లో వెతికారు. వాళ్ళ పద్ధతి మన రైతులకి బాగా తెలిసిందే. నారు పోసే ముందు కోడిగుడ్డు తేలేదాకా నీళ్ళలో ఉప్పు కలిపి విత్తనాలు పోస్తాం కదా, తాలు తేలుతుంది, గట్టి గింజ మునుగుతుంది. వాళ్ళూ అంతే చేశారు. 25 డిగ్రీల దగ్గర మామూలుగా ఉండి 37 డిగ్రీల్లో రవాణా ఆగిపోయే ఈస్ట్ కణాలు సరుకు బయటికి పంపలేవు, కానీ లోపల తయారీ మాత్రం ఆపవు, దాంతో సైజు పెరగకుండా బరువెక్కుతాయి. వాటిని చిక్కటి ద్రావణంలో వేసి తిప్పితే కిందకి దిగుతాయి. అలా మునిగినవాటిని ఏరి 1980 నాటికి 23 జీన్లు పట్టుకున్నారు. జేమ్స్ రోత్‌మన్ అదే ప్రశ్నని పరీక్షనాళికలో, కణాలు పగలగొట్టి, బయోకెమిస్ట్రీతో అడిగాడు. ఆయనకి దొరికిన ఒక ప్రొటీనూ ఈస్ట్ వాళ్ళకి దొరికిన ఒక జీనూ చివరికి ఒకటేనని తేలింది. నాకు ఈ రంగం మీద నమ్మకం కుదిరింది అక్కడే. థామస్ సూదాఫ్‌తో కలిసి వాళ్ళిద్దరికీ 2013లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు వరిగడ్డి

కావలసినవి: గుప్పెడు ఎండు వరిగడ్డి, వెడల్పు మూతి సీసా, చేపలో రొయ్యలో లేని పాత చెరువు నుంచి గ్లాసుడు నీళ్ళు అడుగు మట్టితో సహా, కాలేజీ మైక్రోస్కోప్, బేకరీ ఈస్ట్ చిటికెడు, ల్యాబ్ అసిస్టెంట్‌ని అడిగితే దొరికే కాంగో రెడ్ అనే రంగు. రొయ్యల చెరువు నీళ్ళు వద్దు, వాటిలో మందులు కలుపుతారు. గడ్డిని ముక్కలు చేసి లీటరు నీళ్ళలో పది పదిహేను నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లారాక చెరువు నీళ్ళు కలపండి. కుళాయి నీళ్ళయితే ఒక రోజు తెరిచి ఉంచితే క్లోరిన్ పోతుంది. మీద పల్చటి గుడ్డ కప్పి ఎండ తగలని చోట పెట్టండి. అయిదారు రోజులకి వాసన మారుతుంది, మీద మీగడలా పొర కడుతుంది. ఆ పొర కింద నుంచి డ్రాపర్‌తో చుక్క తీసి చూస్తే చెప్పు ఆకారంలో తిరుగుతూ ఈదే పేరమీషియంలు కనిపిస్తాయి. మొదటిసారి కనిపించకపోతే ఇంకో రెండు రోజులు ఆగండి.

ఈస్ట్‌ని కొద్ది నీళ్ళలో కలిపి, కాంగో రెడ్ చిటికెడు వేసి, అయిదు పది నిమిషాలు మరిగించి చల్లార్చండి. ఆ రంగు ఒంటికి మంచిది కాదు, గ్లోవ్స్ వేసుకోండి, వంటింట్లో చేయకండి. స్లైడ్ మీద నాలుగైదు దూది పోగులు పరిచి, పేరమీషియం నీళ్ళు ఒక చుక్క, పక్కనే ఎర్ర ఈస్ట్ నీళ్ళు సూది మొనంత కలిపి కవర్‌స్లిప్ వేయండి. దూది పోగుల మధ్య చిక్కుకుని అవి నెమ్మదిస్తాయి.

ఇక చూడండి. పేరమీషియం ఒక పక్కన నోటి గాడి ఉంటుంది, అక్కడ ఎర్రటి ఈస్ట్ గింజలు గిర్రున తిరుగుతూ లోపలికి పోతాయి, గాడి చివర ఒక బుడగ ఉబ్బి, ఉన్నట్టుండి ఊడిపోతుంది. ఆ ఊడిన క్షణం గడియారం చూసి రాసుకోండి. ఆ బుడగ ఒక పొర సంచి, దాని లోపల ఆహారం. అది అక్కడే ఉండదు, కణం లోపల చుట్టూ ప్రయాణం కడుతుంది. కొన్ని నిమిషాల్లో దాని ఎరుపు ముదిరి ఊదాకి, నీలానికి తిరుగుతుంది, ఎందుకంటే కాంగో రెడ్ ఆమ్లంలో నీలం అవుతుంది, అంటే ఆ సంచిలోకి ఎవరో ఆమ్లం తోడుతున్నారు. ఆ తోడేది కూడా పొరలోని పంపే, దానికీ ఖర్చయ్యేది ఏటీపీయే. తరవాత లైసోజోమ్‌లు వచ్చి కలుస్తాయి, మళ్ళీ రంగు ఎరుపు వైపు వస్తుంది, చివరికి వెనక భాగంలో ఒక చోట పిప్పి బయటికి పోతుంది. మీరు చూసింది తినటం, పులియటం, జీర్ణం, విసర్జన, నాలుగూ ఒకే సంచిలో, అరగంట లోపల.

ఒకే సంచిని పట్టుకుని నిమిషానికి ఒకసారి దాని చోటు, రంగు రాయండి. అలా పది సంచులు. తరవాత ప్రశ్న వేసుకోండి: రంగు మారటం నిజంగా ఆమ్లం వల్లేనా? అదే ఎర్ర ఈస్ట్ మీద విడిగా ఒక చుక్క నిమ్మరసం వేసి చూడండి. పేరమీషియం లేని స్లైడ్ మీద అరగంట తరవాత కూడా ఈస్ట్ ఎర్రగానే ఉందా చూడండి. ఈ రెండూ కంట్రోల్స్, అంటే పోల్చి చూసుకోవటానికి చేసే పరీక్షలు. కంట్రోల్ అంటే ఏమిటో పుస్తకంలో చదివినవాళ్ళు చాలామంది ఉంటారు, చేతితో చేసినవాళ్ళు ఇంటర్వ్యూ గదిలో వెంటనే తెలిసిపోతారు.

ఇంకో ప్రయోగం ఇంకా సులువు. పేరమీషియంకి రెండు చివర్లా నక్షత్రంలా విచ్చుకుని ముడుచుకునే సంచులు ఉంటాయి, లోపలికి ఊరే నీళ్ళని అవి బయటికి చిమ్ముతాయి. నిమిషానికి ఎన్నిసార్లు ముడుచుకుంటుందో లెక్కపెట్టండి. లీటరుకి ఒక గ్రాము, రెండు గ్రాములు, మూడు గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళలో మళ్ళీ లెక్కపెట్టండి. ఉప్పు పెరిగేకొద్దీ లోపలికి ఊరేది తగ్గుతుంది, ముడతలు నెమ్మదిస్తాయి. అంతర్వేది వైపు, ఓడలరేవు వైపు ఉప్పు తగిలే పొలాలున్న పిల్లలు తమ బోరు నీళ్ళతో, కాలవ నీళ్ళతో పోల్చి చూడొచ్చు. వచ్చిన అంకెలతో గ్రాఫ్ గీసి దాచుకోండి, సమ్మర్ ప్రాజెక్ట్‌కి మెయిల్ రాసేటప్పుడు మార్కుల కన్నా ఇదే ముందు పెట్టాల్సింది.

ఎగ్జామ్‌లు, చోట్లు

బీఎస్సీ అయ్యాక రెండు దారులు. ఒకటి, నేరుగా ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ: బెంగళూరులో ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్ లాంటి చోట్ల ఉంటుంది. రెండోది ఎమ్మెస్సీ చేసి తరవాత పీహెచ్‌డీ. ఎమ్మెస్సీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివాటికి సీయూఈటీ పీజీ, ఐఐటీలకి జామ్, కేంద్రం స్టైపెండ్ ఇచ్చే బయోటెక్నాలజీ సీట్లకి గాట్-బి. ఆంధ్రా యూనివర్సిటీలోనో నన్నయ యూనివర్సిటీలోనో చదివినా దారి మూసుకుపోదు, కాకపోతే సెలవుల్లో పెద్ద ల్యాబ్ చూసి తీరాలి. దానికి మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది, రెండు నెలలు, స్టైపెండ్‌తో. మన వైపు పిల్లలకి దీని గురించి చెప్పేవాళ్ళు తక్కువ, అప్లై చేసేవాళ్ళు ఇంకా తక్కువ. ప్రతి ఏడూ చలికాలం మొదట్లోనే నోటిఫికేషన్ చూసుకోండి.

పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ ముఖ్యం, ఏడాదికి రెండుసార్లు. లైఫ్ సైన్సెస్ పేపర్ 200 మార్కులు, అందులో 100 పార్ట్ సివే, ఒక్కో ప్రశ్నకి 4. పార్ట్ సిలో ఎక్కువ భాగం ప్రయోగం ఇచ్చి ఫలితం ఏమవుతుందని అడగటమే. గైడ్లు బట్టీపడితే పార్ట్ బి వరకు లాక్కొస్తారు, సిలో కూలబడతారు, నేను మొదటిసారి అలాగే పోగొట్టుకున్నాను. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ డీబీటీ వాళ్ళ బెట్, ఫిబ్రవరిలో గేట్, టీఐఎఫ్ఆర్, ఎన్‌సీబీఎస్‌ల జేజీఈఈబిల్స్, వీటిలో వీలైనన్ని రాయండి, సిలబస్ చాలా వరకు ఒకటే.

ఇవన్నీ చదువుతూనే వారానికి ఒక పేపర్ చదవండి. ఇంగ్లిష్ భయం ఉంటే ముందు బొమ్మలు మాత్రమే చూడండి. ప్రతి బొమ్మ కింద తెలుగులో ఒక్క వాక్యం రాయండి: వీళ్ళు ఏం మార్చారు, ఏం చూశారు. నేను తెలుగు మీడియం, మొదటి పేపర్ అలా పూర్తి చేయటానికి పదకొండు రోజులు పట్టింది, పదో పేపర్‌కి రెండు రోజులు. మన దేశంలో జరిగిన పని నుంచే మొదలుపెట్టొచ్చు: ఎన్‌సీబీఎస్‌లో సత్యజిత్ మేయర్ క్లాత్రిన్ అనే ప్రొటీన్ అవసరం లేకుండా కణం సరుకు లోపలికి తీసుకునే దారి మీద చేసిన పని, మొదట ముంబై టీఐఎఫ్ఆర్‌లో, తరవాత ఐఐటీ బాంబేలో రూప్ మల్లిక్ మోటార్ ప్రొటీన్లు సరుకుని ఎలా లాగుతాయో కొలిచిన పని, హైదరాబాద్ సీసీఎంబీలో అమితాభ చటోపాధ్యాయ పొరలోని కొలెస్టరాల్ మీద చేసిన పని. పబ్‌మెడ్‌లో వెతికితే చాలా వరకు ఉచితంగానే దొరుకుతాయి.

ల్యాబ్ ఎంచుకోవటం

ఊరి పేరు, ఇన్‌స్టిట్యూట్ పేరు చూసి కాదు, మనిషిని చూసి ఎంచుకోండి, ఎందుకంటే అయిదారేళ్ళు ఆ గదిలో గడపాలి. చేరే ముందు ఆ ల్యాబ్‌లో ఇప్పుడు ఉన్న స్టూడెంట్స్‌తో విడిగా, టీ దగ్గరో హాస్టల్లోనో మాట్లాడండి. మూడే అడగండి. గత పదేళ్ళలో చేరినవాళ్ళలో ఎంతమంది పూర్తిచేశారు, ఎన్నేళ్ళు పట్టింది, ప్రయోగం పాడైతే మేడం లేదా సర్ ఏం చేస్తారు. మూడో ప్రశ్నకి వాళ్ళు సమాధానం చెప్పకుండా మొహం తిప్పుకుంటే అదే సమాధానం.

మెయిల్ రాసేటప్పుడు "మీ పని నాకు చాలా ఇష్టం" అని వందమందికి ఒకటే పంపకండి. వాళ్ళ ఒక పేపర్‌లో ఒక బొమ్మ గురించి నిజంగా మీకు వచ్చిన ప్రశ్న రెండు లైన్లలో రాయండి, కింద మీ పేరమీషియం గ్రాఫ్ జతచేయండి. పది మెయిళ్ళకి ఒక జవాబు వస్తే మామూలే, టెన్షన్ పడకండి.

మొదటి రెండేళ్ళు

ఇక్కడే చాలామంది జారిపోతారు కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

ముందు అందరూ చేసే ఒక ప్రయోగాన్ని కళ్ళు మూసుకుని చేసేంతగా నేర్చుకోండి. నాకు అది ట్రాన్స్‌ఫెరిన్. రక్తంలో ఇనుము మోసే ప్రొటీన్ అది, దానికి మెరిసే రంగు తగిలించి కణాలకి ఇస్తాం. మొదట కణాల గిన్నెని ఐసు మీద పెడతాం. రొయ్యల్ని లారీ ఎక్కించే ముందు థర్మోకోల్ పెట్టెలో ఐసు వేయటం చూశారు కదా, చలికి అన్నీ ఆగిపోతాయి, ఇక్కడా అంతే, 4 డిగ్రీల దగ్గర ట్రాన్స్‌ఫెరిన్ పొర మీద అతుక్కుంటుంది కానీ లోపలికి పోదు. అప్పుడు 37 డిగ్రీల మీడియం, అంటే కణాలు పెరిగే ద్రవం, పోసి గడియారం మొదలుపెడతాం. సున్నా నిమిషాలకి ఫిక్స్ చేసిన, అంటే మందు పోసి ఉన్నదున్నట్టు ఆపేసిన, కణం చుట్టూ సన్నటి గీతలా వెలుగుతుంది. 5 నిమిషాలకి గీత విరిగి చుక్కలవుతుంది. 10, 15 నిమిషాలకి చుక్కలు కేంద్రకం పక్కకి చేరి గుంపు కడతాయి. అరగంటకి చాలా వరకు తిరిగి బయటికి పోయి కణం చీకటవుతుంది. ఈ నాలుగు ఫోటోలూ ఒకే వెలుగు సెట్టింగ్‌తో తీయాలి, మసకగా ఉందని ఒకదానికి పెంచితే మొత్తం పనికిరాదు. ఐసు మీద నుంచి తీసిన గిన్నె గది వేడిలో రెండు నిమిషాలు ఎక్కువ ఉన్నా మీ సున్నా నిమిషం సున్నా కాదు. మే నెలలో ఏసీ పోయిన గదిలో నేను చేసిన ఒక ప్రయోగం మొత్తం అలా పోయింది.

లెక్కల్లో అందరూ చేసే తప్పు ఒకటి చెప్తాను. ఒకే రోజు, ఒకే గిన్నెలో 300 కణాలు లెక్కపెట్టి 300 అని రాసుకోవద్దు. వేర్వేరు రోజుల్లో, కొత్తగా పెంచిన కణాలతో మూడుసార్లు చేస్తే అది మూడు. ఒక పొలంలో మూడొందల కంకులు కోసి జిల్లా దిగుబడి చెప్పలేం కదా. లెక్కపెట్టేటప్పుడు ఏ ఫోటో ఏ గ్రూప్‌దో తెలియకుండా ఫైల్ పేర్లు పక్కవాళ్ళతో మార్పించుకోండి. ఫోటోలు కొలిచే ఫీజీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, బీఎస్సీలోనే నేర్చుకోవచ్చు.

నా పీహెచ్‌డీ రెండో ఏట నేను ఒక ప్రొటీన్ ఎండోసోమ్‌ల మీద ఉందని ఎనిమిది నెలలు నమ్మాను. ఆ ప్రొటీన్‌ని వెతికి అతుక్కోవాల్సిన యాంటీబాడీ బయట కొన్నది, ఫోటోలు ముత్యాల్లా వచ్చేవి. సెమినార్‌లో చూపించాను, అందరూ మెచ్చుకున్నారు. తరవాత ఆ ప్రొటీన్ తయారుచేసే జీన్‌నే కణాల్లోంచి తీసేసి అదే యాంటీబాడీ వేస్తే, చుక్కలు అలాగే మెరుస్తున్నాయి. అంటే అది ఇంకేదో ప్రొటీన్‌ని పట్టుకుంటోంది. ఆ రాత్రి మైక్రోస్కోప్ గదిలో లైటు వేయకుండా చాలాసేపు కూర్చున్నాను. అమ్మినవాళ్ళకి రాస్తే జవాబు రాలేదు. తప్పు వాళ్ళదే కావచ్చు, కానీ ఆ పరీక్ష మొదటి వారంలోనే చేయాల్సింది నేను. అందుకని మీరు ఏ యాంటీబాడీ కొన్నా, ఆ ప్రొటీన్ లేని కణం మీద ముందు వేసి, చీకటి ఫోటో వచ్చాకే మిగతా పని ముట్టుకోండి. నోట్‌బుక్‌లో యాంటీబాడీ లాట్ నంబర్, కణాలు ఎన్నోసారి కొత్త గిన్నెలోకి మార్చినవి, ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రత, ఇవి రోజూ రాయండి, ఆరు నెలల తరవాత ఆ ఒక్క నంబర్ కోసం వెతుక్కుంటారు. కణాలకి పట్టే మైకోప్లాస్మా అనే చిన్న బ్యాక్టీరియా కోసం పరీక్ష నెలకోసారి చేయండి, కణాలు చూడటానికి బాగానే ఉంటాయి, లోపల రవాణా మాత్రం మారిపోతుంది.

ఈస్ట్ మీదా జంతు కణాల మీదా అని అడిగితే, డబ్బు తక్కువున్న ల్యాబ్‌లో చేరితే ఈస్ట్ వైపు మొగ్గమంటాను. గంటన్నరకి రెట్టింపు అవుతుంది, జీన్ తీయటం తేలిక, సీరం ఖర్చు లేదు, కరెంటు పోయినా చావదు.

డబ్బు, ఇల్లు, ఆ తరవాత

నెట్‌లో మంచి ర్యాంక్ వస్తే పీహెచ్‌డీకి ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తరవాత 42,000, ఇంటద్దె అలవెన్స్ వేరు. చాలుతుంది, కానీ టైముకి రాకపోవచ్చు. నాకు ఒకసారి నాలుగు నెలలు ఆగిపోయింది, అప్పు చేసి మెస్ బిల్లు కట్టాను. చేరిన మొదటి ఏడాదే మూడు నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి. "ఎప్పటికవుద్దిరా అది?" అని మా నాన్న ప్రతి సంక్రాంతికీ అడిగేవారు. కొబ్బరి చెట్టు కాపుకి రావటానికి ఎంత పడుతుందో అంత అని చెప్పాను, ఆయనకి అర్థమైంది, కోపం పోలేదు కానీ అర్థమైంది. ఇంట్లో ముందే అయిదారేళ్ళు అని చెప్పండి, మూడేళ్ళని చెప్పి తరవాత పెంచకండి. ఆడపిల్లలకి ఈ మాట ఇంకా కష్టం, పెళ్ళి మాట ప్రతి సెలవుకీ వస్తుంది. నాతోపాటు చేరిన ఒక అమ్మాయి తన ల్యాబ్‌కి అమ్మానాన్నల్ని రప్పించి మైక్రోస్కోప్‌లో తన కణాలు చూపించింది, ఆ తరవాత వాళ్ళే బంధువులకి సర్దిచెప్పారు. వీలైతే మీరూ అలా చేయండమ్మా.

పీహెచ్‌డీ తరవాత ఇంకో ల్యాబ్‌లో కొన్నేళ్ళు చేసే పోస్ట్‌డాక్‌కి హెచ్‌ఎఫ్‌ఎస్‌పీ, ఎంబో, మేరీ క్యూరీ ఫెలోషిప్‌లు, తిరిగి రావటానికి రామలింగస్వామి ఫెలోషిప్, హైదరాబాద్ నుంచి నడిచే ఇండియా అలయన్స్ ఉన్నాయి. అందరూ ప్రొఫెసర్లు కారు, కాకపోతే నష్టమూ లేదు. మందుల కంపెనీలు యాంటీబాడీలు తయారుచేసే హ్యామ్‌స్టర్ కణాల్లో సరుకు బయటికొచ్చేది ఇదే ఈఆర్, గాల్జీ దారిలో, దిగుబడి తగ్గితే ఎక్కడ ఆగిందో వెతకగలిగిన మనిషి వాళ్ళకి కావాలి. ఎంఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్ల కొవ్వు బుడగలు కణంలోకి ఎండోసోమ్‌లోనే వెళ్తాయి, అందులోంచి తప్పించుకుని బయటపడేవి కొన్నే, ఆ కొన్నిటిని పెంచటం ఎలాగన్నది ఇప్పటికీ పెద్ద పని. మన రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్ కూడా కణం పొర దాటే లోపలికి రావాలి. ఆ తలుపు మీద పనిచేసే మనిషి భీమవరం చెరువుల మధ్య పెరిగినవాడైతే, ఆ చెరువు నీళ్ళలో ఉప్పు ఏ నెలలో ఎంత మారుతుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆఖరిగా గడ్డి నీళ్ళ గురించి ఒక జాగ్రత్త. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు చెరువులు చిక్కబడతాయి, అప్పుడు తెచ్చిన నీళ్ళలో పేరమీషియం కన్నా నాచు ఎక్కువ ఉంటుంది, వేడికి సీసా రెండు రోజులకే కుళ్ళుతుంది. జూన్‌లో కాలవలు వదిలి, నీళ్ళు కాస్త తేరుకున్నాక సీసా పెట్టండి. వారానికోసారి సగం నీళ్ళు తీసి, మరిగించి చల్లార్చిన కొత్త గడ్డి నీళ్ళు పోస్తే అదే సీసా నెలల తరబడి నడుస్తుంది. సమ్మర్ ఫెలోషిప్ ఫారాలు వచ్చే సమయానికి మీ చేతిలో నాలుగు నెలల అంకెలు ఉంటాయి.